దూరం కూడా వినిపించాలి

మీ బడి పిల్లలంతా కలిసి రేడియో నాటిక తయారు చేస్తున్నారా? అయితే ఉరుము కోసం ఇనుప రేకు, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు వెతకడం కాసేపు ఆపండి. నన్నడిగితే మన పిల్లల నాటికల్లో అసలు లోపం వేరు. పాత్రలన్నీ ఒకే బల్ల ముందు కూర్చున్నట్లు వినిపిస్తాయి!

రాజసభ చివర నుంచి ఒకడు "మహాప్రభో, అన్యాయం!" అని మొరపెట్టుకోవాలి. మీరేమో వాల్యూం తగ్గిస్తారు. అప్పుడు వాడు దూరంగా ఉన్నట్లుండదు, దగ్గరే నిలబడి గొణిగినట్లుంటుంది. ఎందుకని?

గదిలో మైకును చేరే ధ్వని రెండు రకాలు: నోటి నుంచి సూటిగా వచ్చేది, గోడలను తాకి మళ్లి వచ్చేది. మనిషి రెట్టింపు దూరం జరిగితే మొదటిదాని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండోది పెద్దగా మారదు. ముఖ్యంగా ఈ రెంటి నిష్పత్తిని బట్టే చెవి దూరాన్ని పోల్చుకుంటుంది. మీట తిప్పితే రెండూ ఒక్కలాగే తగ్గుతాయి. నిష్పత్తి ఎక్కడిదక్కడే!

కాబట్టి మీటను వదిలిపెట్టి, నటుణ్ణే మైకుకు 4 మీటర్ల దూరం నడిపించండి. గొంతెత్తి అరవమనండి. అడవి ఘట్టమైతే తరగతి గదిలో వద్దే వద్దు, అడవికి గోడలేవి? ఆటస్థలానికి పదండి. అక్కడ కాకులు అరిస్తే అరవనివ్వండి, రేకు ఉరుము కన్నా అవే నయం.