నీళ్లలో కలిసిన మందు



రోగము బాగగుటకు మందు కావలెను. అయితే ఆ మందే వాగులోను చెరువులోను చేరితే ఏమగును? ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కాదు, మన తెలుగునాటి సంగతి.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతములలో మందుల ఫ్యాక్టరీలు అనేకము వెలిసినవి. వాటి మురుగు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోనికి పోయెడిది. చెరువులు చెడి, పొలములు పాడైన ఊళ్ల పక్షమున 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడినది. తరువాత స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. సుమారు 90 కంపెనీల మురుగు ఆ కేంద్రమునకు చేరెడిది. శుద్ధి అయిన తరువాత కూడ ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మాత్ర మింగిన రోగి రక్తములో ఉండే మందుకంటె అది ఎక్కువ!

దీనివలన కీడేమి? అటువంటి నీటిలో బలహీనమైన క్రిములు చచ్చును, మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధియగును. అవి మనుష్యులకు సోకినప్పుడు డాక్టరుగారు ఆ మాత్ర ఇచ్చినను జ్వరము తగ్గకపోవచ్చును. 2019లో ప్రపంచమంతట సుమారు 12 లక్షల 70 వేలమంది మందులకు లొంగని క్రిముల వలన మరణించిరని అంచనా. ఇందుకు ఫ్యాక్టరీల మురుగు ఒక్కటే కారణము కాదు. మనము ఇష్టమొచ్చినట్లు మాత్రలు వాడుటయు ఒక కారణమే.

ఇక మన ప్రాంతము. నేడు అనకాపల్లి జిల్లాలోనున్న పరవాడలో ఫార్మాసిటీ ఉన్నది. దాని ప్రక్కనున్న తాడి గ్రామస్థులు గాలి, నీరు చెడినవని, తమ ఊరిని వేరేచోటికి తరలించుమని ఏండ్ల తరబడి అడుగుచు వచ్చిరి. నక్కపల్లి మండలము రాజయ్యపేట మత్స్యకారులు సముద్రములోనికి వేసే వ్యర్థజలాల పైపులైను వద్దని 2022లో నిరసన చేసిరి. సముద్రము పెద్దదే, కాని వలలో పడిన చేప ఎవరి కంచములోనికి వచ్చును?

ఫ్యాక్టరీలు మూసివేయుమని మేము చెప్పుట లేదు. మన సంఘములలో ఎన్నో కుటుంబములు ఆ జీతముతోనే పిల్లలను చదివించుకొనుచున్నవి. ఆ మందులతోనే ఎందరో బ్రదుకుచున్నారు. అయితే కొడుకుకు జీతమిచ్చే చోటు తల్లి త్రాగే బావిని చెరుపకూడదు గదా! మురుగులో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండవచ్చునో కేంద్ర ప్రభుత్వము 2020 జనవరిలో ముసాయిదా హద్దులు ప్రకటించినది. 2021లో వచ్చిన తుది నియమములలో ఆ హద్దులు లేవు. హద్దు లేనిచోట తప్పు ఎవరిదని అడుగుటయు కష్టమే.

యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయములో, తాము తేట నీళ్లు త్రాగి మిగిలిన వాటిని కాళ్లతో కలకచేసిన బలిసిన గొఱ్ఱెలను దేవుడు గద్దించుట చూచుచున్నాము. ప్రక్కవాని నీటిని చెరుపుట దేవుని యెదుట చిన్న తప్పు కాదు.

మనము చేయదగినవి కొన్ని గలవు. డాక్టరు చీటీ లేకుండ మందుల షాపులో యాంటీబయాటిక్ కొనవద్దు. చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడవలెను. సగములో ఆపి, మిగిలినవి పొరుగువారికి ఇవ్వవద్దు. పాత మాత్రలు బావిలోను కాలువలోను పారవేయవద్దు. కాచినందున క్రిములు చచ్చునేగాని నీటిలో కలిసిన మందు పోదు. గనుక నీటి రంగు, వాసన మారినయెడల త్రాగుట మాని, తేదీ వ్రాసికొని, ఊరివారందరు కలిసి కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుగారికి అర్జీ పెట్టవలెను. ఒక్కరి సంతకముకంటె ఊరంతటి సంతకము బలమైనది. అందులో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అను భేదము వద్దు, బావి అందరిది.

ఫ్యాక్టరీలో పనిచేయు మన యౌవనస్థులకు ఒక మాట. రాత్రివేళ మురుగును వాగులోనికి వదలుమని ఎవరైన చెప్పినయెడల, ఆ వాగు దిగువను ఎవరి ఊరున్నదో ఒక్కసారి తలంచుకొనుడి. జీతము పోవునను భయము చిన్నది కాదని మేము ఎరుగుదుము. అందుకే ఆ భయమును మీరొక్కరే మోయకుండ, సంఘపెద్దలు మీ ప్రక్కన నిలువవలెను.