ఆశీలు లేని సంత లేదు

ఎరిక్ రేమండ్ రాసిన ‘ది కెథీడ్రల్ అండ్ ది బజార్’ ఓపెన్ సోర్స్ ప్రపంచానికి స్థలపురాణం వంటిది. 1997 మే నెలలో జర్మనీలో ఒక లినక్స్ సమావేశంలో చదివిన వ్యాసం, 1999లో మరికొన్ని వ్యాసాలను కలుపుకొని పుస్తకమైంది. కెథీడ్రల్ అంటే కొద్దిమంది స్థపతులు తలుపులు మూసుకుని కట్టే మహాలయం. బజార్ అంటే ఎవరైనా వచ్చి తమ సరుకు పరుచుకోగలిగే సంత. లినక్స్ ఈ రెండో పద్ధతిలో పెరిగిందనీ, అందుకే గెలిచిందనీ రేమండ్ వాదం. పాతికేళ్ళు దాటినా ఆ ఉపమానాన్ని ప్రశ్నించినవారు తక్కువ, వల్లించినవారు ఎక్కువ.

సంతను దగ్గరగా ఎరిగినవారికి ఆ ఉపమానంలోని లోపం వెంటనే తెలుస్తుంది. తెలుగునాట ఏ వారపు సంతా దానంతటది జరగదు. ఏ రోజున, ఏ స్థలంలో జరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అమ్మకందార్ల నుంచి ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది. పాట పాడుకున్నవాడి మనిషి గంప గంపకూ తిరిగి డబ్బు పుచ్చుకుంటాడు. ఎవరి చోటు ఎక్కడో వాడుకగా స్థిరపడి ఉంటుంది. కొత్తవాడు వచ్చి ఆ చోట కూర్చుంటే ఆ వాడుక బలం ఎంతటిదో తెలుస్తుంది. కోలాహలం కంటికి కనిపిస్తుంది, పాలన కనిపించదు. కనిపించదు కనుక లేదనుకోవడం దూరం నుంచి చూసినవాడి భ్రమ. కోడ్ అందరికీ కనిపిస్తోంది కనుక దానిపై అధికారం కూడా అందరిదే అనుకోవడం సరిగ్గా ఇటువంటి భ్రమే.

రేమండ్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. ఆయన్ను వల్లించేవారిలో చాలామంది మొదటి వ్యాసం దగ్గరే ఆగిపోయారు. అందులో కెథీడ్రల్‌గా చూపినది ఏ వ్యాపార సంస్థనో కాదు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికే గర్వకారణమైన ఈమాక్స్ వంటి నిర్మాణాలను. సంతకు నమూనాగా చూపిన తన సొంత ఫెచ్‌మెయిల్‌లోనేమో తుది మాట రేమండ్‌దే. అదే సంపుటిలోని ‘హోమ్‌స్టెడింగ్ ది నూస్ఫియర్’ అనే వ్యాసంలో యాజమాన్యం సంక్రమించే దారులను ఆయనే లెక్కపెట్టాడు: ప్రాజెక్టును స్థాపించడం, స్థాపించినవాడి నుంచి అందుకోవడం, దిక్కులేకుండా పడి ఉన్నదాన్ని చేపట్టడం. అంటే సంతలో జాగాలకు హక్కుదార్లు ఉన్నారని రేమండ్‌కు తెలుసు. తెలిసీ ఆ హక్కుకు హద్దులేమిటని అడగలేదు. వాడుకే చాలునన్నాడు. ఈ పుస్తకంతో అసలు తగాదా అక్కడే.

లైసెన్సు ఒక్కటే ఓపెన్ సోర్స్ అనుకోవడం ఈ రంగంలో స్థిరపడిన అంధవిశ్వాసం. లైసెన్సు చెప్పేది ఒక్క సంగతి: ఈ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఎవరి మార్పును స్వీకరించాలి, ఎవరిది తిప్పికొట్టాలి, కొత్త వెర్షన్‌పై ఎవరు సంతకం చేయాలి, ప్రాజెక్టు పేరు ఎవరిది, విరాళంగా వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, పెద్ద తప్పుకుంటే వారసుడెవరు? వీటిలో ఏ ఒక్కదానికీ లైసెన్సులో జవాబు లేదు. అవన్నీ పాలనకు సంబంధించిన ప్రశ్నలు. వాటికి రాతపూర్వకంగా జవాబు చెప్పుకోని సంస్థలో పాలన లేకుండా పోదు, చాటుకు పోతుంది. అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల ఆరంభంలోనే ‘ది టిరనీ ఆఫ్ స్ట్రక్చర్‌లెస్‌నెస్’ అనే వ్యాసంలో తన ఉద్యమ బృందాల గురించి ఇదే చెప్పింది. నిర్మాణం లేదని చెప్పుకునే గుంపులో కూడా నిర్మాణం ఉంటుంది. అది లోపలివారికి తెలుస్తుంది, బయటివారికి తెలియదు, అంతే తేడా. ఆమె కంప్యూటర్ల గురించి రాయలేదు. అయినా రేమండ్ పుస్తకం పక్కన పెట్టుకుని చదవవలసిన మొదటి రచన అదే.

చాటున ఉన్న పాలన ఎంత ప్రమాదమో 2024 మార్చి నెలాఖరున లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. లినక్స్ సర్వర్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి నిర్వహించినది దాదాపు ఒకే వ్యక్తి, అదీ జీతం లేకుండా. పని నత్తనడకన సాగుతోందని 2022లో కొన్ని అపరిచిత పేర్లు ఆయన మీద ఒత్తిడి తెచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగులేదని ఆయన చెప్పుకున్నా ఆ గొంతులు తగ్గలేదు. అదే కాలంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరకు సహనిర్వాహక స్థానానికి చేరారు. ఆపైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి అమర్చారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని అనుమానించిన ఒక ఇంజనీరు శోధించడంతో అది బయటపడింది.

ఈ ఉదంతాన్ని భద్రతాలోపంగా చూడటం లక్షణానికి మందు వేసి రోగాన్ని వదిలేయడమే. ఆసక్తి సన్నగిల్లినప్పుడు సమర్థుడైన వారసుడికి అప్పగించడమే నిర్వాహకుడి కడపటి ధర్మమని రేమండ్ ఉపదేశం. ఎక్స్‌జెడ్ నిర్వాహకుడు దాదాపు ఆ ధర్మమే పాటించాడు. వారసుడి సామర్థ్యాన్ని పరీక్షించడానికి, అప్పగింతకు సాక్షులుగా నిలబడటానికి, అలసిన మనిషిని కొన్నాళ్ళు ఇంటికి పంపడానికి ఒక్క వ్యవస్థ కూడా ఆయన వెనుక లేదు. వేల కళ్ళు చూస్తున్నాయనుకున్న చోట నిజానికి రెండే కళ్ళున్నాయి, అవీ అలసిపోయినవి. నాడియా ఎగ్బాల్ 2020లో వెలువరించిన ‘వర్కింగ్ ఇన్ పబ్లిక్’ ఈ స్థితికి స్టేడియం అని పేరు పెట్టింది: మైదానంలో ఒకరిద్దరు, గ్యాలరీల్లో లక్షలమంది. రేమండ్ సంత కన్నా ఇది నిజానికి దగ్గరి ఉపమానం. అయితే ఎగ్బాల్ నిర్వాహకుడి శ్రద్ధను ఎలా కాపాడాలన్న ప్రశ్న మీద నిలిచినంతగా, అతని అధికారానికి రూపమేమిటన్న ప్రశ్న మీద నిలవలేదు.

ఆ ప్రశ్నకు జవాబులు లేకపోలేదు. డెబియన్ ప్రాజెక్టు 1998లోనే రాజ్యాంగం రాసుకుంది. నాయకుడి పదవీకాలం ఒక్క ఏడాది, ఎన్నుకునేది డెవలపర్లు, అతని నిర్ణయాన్ని తీర్మానంతో తోసిపుచ్చే హక్కు కూడా వారిదే. ఎవరినీ పని చేయమని నిర్బంధించే అధికారం ఆ రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదు. స్వచ్ఛంద శ్రమకు ఇంతకన్నా గౌరవప్రదమైన నిబంధన దొరకడం కష్టం. 2014లో సిస్టమ్‌డీ వివాదం వచ్చినప్పుడు సాంకేతిక సంఘం సమానంగా చీలింది, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో విషయం తేలింది. ఓడినవారిలో కొందరు దెవువాన్ పేరుతో వేరుపడ్డారు. రాజ్యాంగం తగవులను ఆపదు. ఎలా ఓడిపోయామో ఓడినవాడికి తెలిసేలా చేస్తుంది. అది చిన్న సంగతి కాదు.

పైథాన్ కథ ఇంకొక దారిలో సాగింది. గైడో వాన్ రోసమ్ దాదాపు మూడు దశాబ్దాలు ఆ భాషకు ‘దయగల నియంత’గా ఉన్నాడు. 2018 జులైలో, భాషకు ఒక చిన్న చేర్పుపై సాగిన రభసతో విసిగి, వారసుడిని ప్రకటించకుండానే తప్పుకున్నాడు. పరివారం కూలిపోలేదు. పలు పాలనా పద్ధతులను ప్రతిపాదించుకుని, చర్చించి, ఓటు వేసి అయిదుగురు సభ్యుల మండలిని ఎంచుకుంది. ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి అందులో ఉండరాదన్నది ఆ నిబంధనల్లో అన్నిటికన్నా తెలివైనది. దయగల నియంతృత్వంలో దయ ఒక మనిషి గుణం మాత్రమే. ఆ మనిషితో పాటే వెళ్ళిపోతుంది. నియంతృత్వానికి ఆ పరిమితి లేదు.

ఇక్కడ అలవాటైన ఎదురువాదం ఒకటుంది. నచ్చకపోతే ఫోర్క్ చేసుకోవచ్చు కదా, ఎవరి కోడ్ వారు పట్టుకుపోవచ్చు కదా అంటారు. వేరుకాపురం హక్కు నిజమైనదే. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి లిబ్రే ఆఫీస్ అలాగే విడివడి నిలబడింది. అయితే వేరుపడేవాడికి దక్కేది కోడ్ ఒక్కటే. పేరు, ట్రేడ్‌మార్కు, సర్వర్లు, పాస్‌వర్డులు, ఏళ్ళ తరబడి అలవాటుపడిన వాడుకరులు పాత ఇంట్లోనే ఉండిపోతారు. 2023 ఆగస్టులో హాషీకార్ప్ తన టెర్రాఫామ్ లైసెన్సును బిగించింది. బయటివారి చేర్పులు తీసుకునేటప్పుడే వారితో ఒప్పందం చేయించుకుని ఉంది కనుక ఎవరినీ అడగవలసిన అవసరం దానికి రాలేదు. 2024 మార్చిలో రెడిస్ కూడా అదే బాట పట్టింది. వాటి ఫోర్కులైన ఓపెన్‌టోఫు, వాల్కీ లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరి, కంపెనీల అండతో నిలిచాయి. ఇంత పెద్ద వేరుకాపురం పెట్టడం ఏ ఒంటరి వాలంటీరుకూ సాధ్యం కాదు. డబ్బున్నవాడికి మాత్రమే పనికొచ్చే హక్కును స్వేచ్ఛ అనడం సాహసం.

ఆ నీడ కూడా ఉచితం కాదు. లినక్స్ ఫౌండేషన్ అమెరికా చట్టం దృష్టిలో ధర్మసంస్థ కాదు, వర్తక సంఘం. లినక్స్ కోడ్‌లో ఏది చేరాలో అది నిర్ణయించదు. ఆ మాట ఇప్పటికీ లైనస్ టోర్వాల్డ్స్‌దీ ఆయన కింది నిర్వాహకులదీ. అయితే ఫౌండేషన్ బోర్డులో సింహభాగం కుర్చీలు భారీ చందా కట్టే కంపెనీలవి. వ్యక్తిగత సభ్యులు తమ ప్రతినిధిని ఎన్నుకునే అవకాశాన్ని 2016లో తొలగించారు. ఇందుకు పూర్తి భిన్నంగా 1999లో ఏర్పడిన అపాచీ ఫౌండేషన్‌లో కంపెనీ సభ్యురాలు కాలేదు, మనుషులే కాగలరు. అక్కడ కోడ్ మార్పుకు అడ్డుపడేవాడు సాంకేతిక కారణం చెప్పి తీరాలి. అపాచీ పద్ధతికీ లోపముంది. ‘ప్రతిభకే పట్టం’ అన్న దాని నినాదం ప్రతిభను చేసిన పనితో కొలుస్తుంది. పని చేయడానికి తీరిక కావాలి, తీరికకు జీతం కావాలి. కంపెనీని వాకిట్లో ఆపినా, దాని ఉద్యోగి పెరటి దారిన వస్తాడు. అయినా వాకిలి ఏదో, పెరడు ఏదో తెలిసిన ఇల్లు తెలియని ఇంటికన్నా మేలు.

ఈ గొడవ సాహిత్యం చదువుకునేవారికి ఎందుకన్న ప్రశ్న సహజం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు వాక్యం తెరపైకి వచ్చినప్పుడు ఏ ఒత్తు ఏ హల్లు కింద కూర్చోవాలో చూసుకునేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం. తెలుగు పేజీల్లో కనిపించే మండలి, రామభద్ర వంటి ఖతులు కూడా స్వేచ్ఛా లైసెన్సు కిందివే. ఒక ఒత్తు తప్పుగా పడితే దిద్దుకునే అనుమతిని లైసెన్సు అందరికీ ఇస్తుంది. దిద్దే బాధ్యతను మాత్రం ఎవరికీ అప్పగించదు. బాధ్యతను అప్పగించగలిగేది, దాని బరువును పదిమందికి పంచగలిగేది సంస్థ ఒక్కటే. తెలుగు అచ్చు చేతివృత్తిగా ఉన్నప్పుడు ప్రెస్సుకు యజమాని ఉండేవాడు, తప్పుకు అడగదగిన మనిషి ఉండేవాడు. తెరమీది తెలుగుకు అటువంటి చిరునామా ఉందా అన్నది సాంకేతికుల ప్రశ్న మాత్రమే కాదు.

కనుక ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టునైనా మెచ్చుకునే ముందు లైసెన్సు పేరు అడిగి ఊరుకోవడం చాలదు. తుది మాట ఎవరిది, ఆ మాటను ఎవరు మార్చగలరు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, పెద్ద రేపు మంచాన పడితే తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు చూపలేని ప్రాజెక్టు ఎంత గొప్ప కోడ్ రాసినా, దాన్ని నిలబెడుతున్నది ఒక మనిషి ఆరోగ్యమో ఒక కంపెనీ లాభమో అయి ఉంటుంది. రేమండ్ పుస్తకం ఒక తరాన్ని కోడ్ రాయడానికి ఉత్సాహపరిచింది. ఆ కీర్తి దానికి ఉండవలసిందే. ఆ ఉత్సాహంతో వచ్చినవారి శ్రమకు కాపలా ఎవరన్నది మాత్రం ఆ పుస్తకం అడగలేదు. దాన్ని ఈనాడు పూజించేవారైనా అడగాలి.