రక్తం మనది, లెక్క ఎవరిది?

పోయిన వేసవిలో మా ఆరోగ్య కార్యకర్తల సమావేశానికి ఒక స్నేహితురాలు తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. చెల్లెలికి ముప్పై ఎనిమిదేళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. అంతకు మూడేళ్ళ ముందు గడ్డ ఉందేమోనన్న అనుమానంతో ఒక డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన మీ అమ్మకుందా, మీ పిన్నులకుందా అని అడిగి, లేదనగానే భయం లేదని పంపేశాడట. మేనత్త సంగతి అడగలేదు. ఆమె నలభై దాటకుండానే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. నాయనమ్మ "కడుపులో గడ్డ"తో పోయిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆడవాళ్ళ జబ్బు ఆడవాళ్ళ వైపు నుంచే వస్తుందనే నమ్మకం మన ఇళ్ళలోనే కాదు, కొన్ని ఆసుపత్రి గదుల్లోనూ ఉంది. నిజానికి ఇలాంటి జన్యువును తండ్రి కూతురికి ఇచ్చే అవకాశం తల్లి ఇచ్చే అవకాశంతో సరిసమానం. రెండువైపులా సగానికి సగం.

ఆపరేషన్ తర్వాత జన్యు పరీక్ష చేయించారు. రిపోర్టు ఆమె సంచిలోనే ఉంది. ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. సారాంశం ఒక్క వాక్యం: బి.ఆర్.సి.ఏ.-2 జన్యువులో ఒక మార్పు కనిపించింది, దాని ప్రాముఖ్యం తేలలేదు. "ఉందో లేదో చెప్పలేనిదానికి అన్ని వేలు ఎందుకు తీసుకున్నారక్కా?" అని అడిగిందామె. అండాశయాలు కూడా తీయించుకోవాలా? పక్కన కూర్చున్న అక్క పరీక్ష చేయించుకోవాలా? ఇంట్లో ఉన్న పన్నెండేళ్ళ కూతురికి ఏం చెప్పాలి? ఆ రిపోర్టులో వీటిలో దేనికీ జవాబు లేదు. తేలని మార్పును చూసి ఆపరేషన్ నిర్ణయించకూడదన్నది వైద్యుల నియమం, అది సరైనదే. కానీ ఆ "తేలలేదు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సంపాదకీయంలో మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నేను డాక్టరును కాను, సామాజిక శాస్త్రం చదువుకున్న మనిషిని. అయినా ఈ పరీక్ష ఎలా జరుగుతుందో తెలుసుకుంటే మన ప్రశ్న ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. మనిషి జీవకణంలో దాదాపు మూడువందల కోట్ల అక్షరాల జన్యు పాఠం ఉంటుంది. యంత్రం దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. ఎక్కువగా వాడే యంత్రాల్లో నూటయాభై అక్షరాల చొప్పున ముక్కలు ముక్కలుగా చదువుతుంది. ఆ కోట్ల ముక్కల్ని ఒక మూలప్రతి పక్కన పెట్టి, ఏ ముక్క ఎక్కడిదో కుదిర్చేది కంప్యూటరు. మొత్తం పాఠం చదివితే ఏ మనిషిలోనైనా మూలప్రతికి నలభై యాభై లక్షల చోట్ల తేడా కనిపిస్తుంది. అందులో అధిక భాగం ముక్కు ఆకారం లాంటి మామూలు తేడాలే. ఏది జబ్బు తెచ్చేదో పట్టుకోవడానికి కంప్యూటరు ఇదివరకు చదివిన లక్షల మంది పాఠాలలో వెతుకుతుంది. ఈ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఉంటే ఫరవాలేదంటుంది. జబ్బు ఉన్న కుటుంబాల్లోనే కనిపిస్తే ప్రమాదమంటుంది. ఎక్కడా కనిపించకపోతే, లేదా ఒకరిద్దరిలోనే కనిపిస్తే, తేలలేదంటుంది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఆ మూలప్రతిలో నూటికి డెబ్భై వంతులు ఒకే ఒక్క మగవాడి రక్తం నుంచి వచ్చాయి. 1997లో అమెరికాలోని బఫెలో పట్టణంలో పత్రికా ప్రకటన చూసి స్వచ్ఛందంగా రక్తం ఇచ్చినవారిలో ఒకడతను. (మనిషి అనగానే మగవాడనే అర్థం జీవశాస్త్రంలోనూ తప్పలేదు!) ఇది నవ్వుకుని వదిలేయగలిగిన విషయం. రెండోది అలా కాదు. జబ్బులకూ జన్యువులకూ సంబంధం వెతికిన పెద్ద అధ్యయనాల్లో 2009 నాటికి నూటికి 96 మంది ఐరోపా సంతతివాళ్ళే. 2016లో లెక్కవేస్తే 81కి దిగింది. తెలుగు స్త్రీ రిపోర్టులో "తేలలేదు" అన్న మాటకు కారణం ఆమె ఒంట్లోనే ఉందనుకోనక్కరలేదు. పోల్చి చూడడానికి ఆమె లాంటివాళ్ళ పాఠాలు ఆ అరలలో లేవు. ఐరోపా మూలాలు లేనివాళ్ళకు ఈ జవాబు ఎక్కువగా వస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు.

ఇదంతా చదివి ఈ విద్యే మనకు వద్దనుకుంటే పొరపాటు. బి.ఆర్.సి.ఏ.-1లో నిర్ధారణ అయిన హానికర మార్పు ఉన్న స్త్రీలలో జీవితకాలంలో నూటికి అరవై మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే ఏటా పరీక్షలు చేయించుకోవచ్చు, క్యాన్సర్ వచ్చినా ఆ మార్పు ఉన్నవాళ్ళ మీద బాగా పనిచేసే మందులు 2014 నుంచీ ఉన్నాయి. ఈ జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఉందని 1990లో చూపించింది ఒక స్త్రీ, మేరీ క్లెయిర్ కింగ్. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆమె మాట నమ్మినవాళ్ళు తక్కువ. 1994లో జన్యువు దొరికింది, ఆ తర్వాత దాని మీద మిరియడ్ అనే అమెరికన్ కంపెనీ పేటెంట్లు పొందింది. ఆ దేశంలో ఆ పరీక్ష మరొకరు చేయడానికి వీల్లేకుండా పోయింది, ధర మూడు వేల డాలర్లు దాటింది. 2009లో వైద్య సంఘాలతో కలిసి స్త్రీలే కోర్టుకెక్కారు. వాదుల్లో బోస్టన్ స్త్రీల ఆరోగ్య పుస్తక బృందం కూడా ఉంది. మన తరం కార్యకర్తలకు ఆ బృందాన్ని పరిచయం చెయ్యనక్కరలేదు. 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రకృతిలో ఉన్న జన్యువు ఎవరి సొత్తూ కాదని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ప్రయోగశాలలో తయారుచేసిన నకలుకు మాత్రం పేటెంటు ఇవ్వొచ్చంది. తీర్పు వచ్చిన కొద్దికాలానికే ఇతర కంపెనీలు రంగంలోకి దిగాయి, ధరలు తగ్గాయి. అయితే అప్పటిదాకా వేల మంది స్త్రీల రక్తం నుంచి పోగేసిన సమాచారాన్ని ఆ కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. ఏ మార్పు ప్రమాదమో, ఏది కాదో తేల్చే జ్ఞానం అప్పట్లో చాలావరకు ఉన్నది అందులోనే. పేటెంటు పోయినా తాళంచెవి అప్పటికి చేతుల్లోనే మిగిలింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఆపరేషన్ ముందు ఊపిరి గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. అత్యవసరంగా సిజేరియన్ చేస్తూ పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా ఇది వాడుకలో ఉన్న మందే. ఎవరికైనా నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపించినవాళ్ళకు గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి ఆడదు. వెంటిలేటరు లేని చిన్న నర్సింగు హోములో అది ప్రాణం మీదకొస్తుంది. ఈ లోపం మన వైశ్య కులంలో ఇతరులకంటే దాదాపు వందరెట్లు ఎక్కువ. హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దీనికి మూలం వివరించారు. పూర్వం కొద్దిమందితో మొదలైన సమూహం తరతరాలుగా లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగితే, ఆ కొద్దిమందిలో ఉన్న అరుదైన మార్పు చాలామందికి పాకుతుంది. దక్షిణాసియాలో వాళ్ళు చూసిన 263 సమూహాల్లో 81 సమూహాలది ఇదే కథ. అందులో పద్నాలుగు సమూహాల జనాభా పదేసి లక్షలు దాటింది.

"మేం థియేటర్లో కులం అడుగుతాం, ఏం చేస్తాం, ప్రాణం కదా" అని ఒక మత్తు డాక్టరమ్మ నాతో అంది. ఆమెను నేను తప్పుపట్టలేను. కానీ ఆ మాట విన్న రోజు నిద్రపట్టలేదు. కులమంటే ప్రధానంగా కులం లోపలే పెళ్ళి అని అంబేడ్కర్ 1916లో, విద్యార్థిగా ఉండగానే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో చెప్పాడు. ఆ కట్టడి నిలబడేది స్త్రీల మీద అదుపుతోనే అని కూడా అందులోనే వివరించాడు. స్త్రీలను గడప దాటనివ్వకుండా సాగించిన వ్యవస్థ ఇవాళ వాళ్ళ ఎంజైముల్లో కనిపిస్తోంది. దానికి మందు కులాన్ని అడగడం కాదు. ఆ ఎంజైము స్థాయి మామూలు రక్తపరీక్షలో తెలుస్తుంది, తక్కువుంటే వేరే మందు వాడొచ్చు. కాన్పుకు ముందు చేసే పరీక్షల జాబితాలో అవసరమైనవాళ్ళకు దాన్ని చేర్చమని అడగడం మన పని. ఒక హెచ్చరిక కూడా: "వైశ్యులకు మాత్రమే" అని రాసుకుంటే వేరే కులంలో ఆ లోపం ఉన్న స్త్రీ ఎవరి కంటా పడదు.

మేనరికాల సంగతి మరీ సున్నితం. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే తలసీమియా లాంటి జబ్బు బిడ్డకొస్తుంది. అయినా "నీ రక్తంలోనే ఉంది" అని పుట్టింటికి పంపేది కోడలినే. సొంత మేనమామను కట్టుకున్న అమ్మాయిని కూడా ఆ మాటే అనడం నేను చెవులారా విన్నాను. ఇద్దరి రక్తం ఒకటేనని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మన అనుమానాలకు కారణాలు లేకపోలేదు. గర్భజల పరీక్ష వంశపారంపర్య జబ్బుల కోసమనే వచ్చింది, ఆడపిల్లల్ని ఏరివేయడానికి వాడుకున్నారు. 1988లో మహారాష్ట్ర చట్టం, 1994లో కేంద్ర చట్టం స్త్రీల సంఘాల పోరాటం లేకుండా రాలేదు. ఇప్పుడు తల్లి రక్తంలో తేలే బిడ్డ జన్యు ముక్కల్ని కంప్యూటరుతో లెక్కగట్టి పదో వారానికే చాలా సంగతులు చెప్పే పరీక్ష ఉంది. ఆడో మగో కూడా దానికి తెలుస్తుంది. నోరు మూయించేది చట్టమొక్కటే. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా కార్యక్రమంలో హాస్టల్ వార్డెన్లు ఆదివాసీ ఆడపిల్లల తరఫున సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సంతకం ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగిలింది.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దేశంలోని 83 సమూహాల నుంచి పదివేల మంది జన్యు పాఠాలు సేకరించింది. 2025 జనవరి నుంచి పరిశోధకులకు వాటిని ఫరీదాబాద్ కేంద్రం ద్వారా అందుబాటులో పెట్టారు. ఇది అవసరమైన పని. మన పాఠాలు అరల్లో లేకపోతే మన రిపోర్టుల్లో "తేలలేదు" అన్న మాటే మిగులుతుంది, దూరంగా ఉండి దాన్ని మార్చలేం. అయితే జన్యు సమాచారం ఆధారంగా ఉద్యోగంలోనూ ఆరోగ్య బీమాలోనూ వివక్ష చూపకూడదని అమెరికా 2008లో చట్టం చేసింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం జన్యు సమాచారాన్ని విడిగా గుర్తించలేదు. పరిశోధనకు మినహాయింపులు మాత్రం ఇచ్చింది. సమ్మతి పత్రం పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ప్రాంతంలో ఎవరైనా రక్తం సేకరించడానికి వస్తే ముందు ఆ పత్రం తెలుగులో ఉందా, గోండీ కోయ మాట్లాడేచోట దాన్ని వాళ్ళ మాటల్లో చదివి వినిపించారా అని అడగండి. సంతకం ఆమెదేనా, అత్తగారిదా అని చూడండి. ఫలితం తెలిస్తే ఎవరికి చెబుతారో, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చో అడగండి.

ఆ చెల్లెలి రిపోర్టు విషయానికొస్తే, తేలని మార్పులు కాలం గడిచేకొద్దీ తేలుతుంటాయి. తేలినవాటిలో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే అవుతున్నాయి. అప్పుడు ప్రయోగశాల ఆమెకు కబురు చెయ్యాలి. ఆ రోజు ఫారంలో ఇచ్చిన ఫోను నంబరు చూపించమన్నాను. అది భర్తది. ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి ఉండడం లేదు. మర్నాడు మేం ముగ్గురం వెళ్ళి నంబరు మార్పించాం. కౌంటరు దగ్గర కుర్రాడు "పేషెంటు సొంత నంబరా?" అని రెండుసార్లు అడిగాడు. మేనత్త, నాయనమ్మల వివరాలు కూడా రాయించి వచ్చాం.