ఆరేళ్ళ దవడపన్ను

మీ బాబుకో పాపకో ఆరేళ్ళు వచ్చాయా? ఓసారి వెలుతురులో నోరు తెరిపించి చూడండి. పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వస్తూంటుంది. ఏదీ ఊడలేదు కదా అని మనం దాన్నీ పాలపళ్ళలో కలిపేస్తాం. కాదండీ, అది జీవితాంతం ఉండాల్సింది.

కొందరు పిల్లలకు ఆ పన్ను పసుపు, గోధుమ మచ్చలతో సుద్దముక్కలా పెళుసుగా వస్తుంది. ఎనామిల్ గట్టిపడలేదన్నమాట. మన వైపు "నీళ్ళ దోషంలే" అనేస్తారు. ఆ మాటకు కారణం లేకపోలేదు. ఫ్లోరైడ్ జబ్బును 1937లో డాక్టర్లు బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, దర్శి, పొదిలి అప్పుడు ఆ జిల్లావే. కానీ నీళ్ళ మచ్చలు సాధారణంగా చాలా పళ్ళకు, రెండు పక్కలా ఒకేలా వస్తాయి. ఒకటి రెండు దవడపళ్ళకే వచ్చి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంటే మాత్రం ఊరుకోకూడదు. ఆ పక్క బ్రష్ పెట్టనివ్వకపోతే మొండితనమని కసరకండి, నొప్పి అది. గోరువెచ్చటి నీళ్ళతో తోమించండి.

పన్ను ఇంకా సగమే బయటికొస్తే గ్లాస్ అయానమర్ సిమెంటు మేలు. కాస్త తడి ఉన్నా అంటుకుంటుంది. త్వరగా అరిగిపోతుంది కనక కొంతకాలానికే. పంటి రంగులో ఉండే కాంపోజిట్ చూడ్డానికి బాగుంటుంది, కానీ పన్ను పొడిగా ఉండాలి, అంచుల్లో గట్టి ఎనామిల్ మిగలాలి. లేకపోతే అంచులు పెచ్చులూడిపోతాయి. వెండి ఫిల్లింగ్ ఇలాంటి పన్నుకు నప్పదు, దానంతటది అంటుకోదు.

పన్ను బాగా విరుగుతుంటే స్టీలు తొడుగు వేస్తామంటారు. "ఆడపిల్లకు స్టీలు పన్నేమిటండీ!" అని లేచొచ్చేసే తల్లులున్నారు. నాకైతే అన్నిట్లోకీ అదే నయమనిపిస్తుంది. పన్నంతా కప్పేస్తుంది, జివ్వుమనడం తగ్గుతుంది, వెనకపన్ను కాబట్టి పెద్దగా కనబడదు. పెద్దయ్యాక మార్చి వేరే తొడుగు వేయించుకోవచ్చు.

ఇక నిలబడని పన్నును తీయించడమూ ఒక వైద్యమే. అదైనా తోచినప్పుడు కాదు. ఎనిమిది, పదేళ్ళ మధ్య ఎక్స్‌రే తీసి, వెనక పన్నెండేళ్ళ పన్ను ఎంత తయారైందో చూసి తీస్తే, అది ముందుకు జరిగి ఆ చోటు నింపే వీలుంటుంది.

ఇలాంటి పన్నుకు మత్తు సూది ఒక్కోసారి సరిగా పనిచేయదు. పిల్ల ఇంకా నొప్పంటే డాక్టరుగారికి చెప్పండి. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్తే పిల్లల పళ్ళ విభాగం అడగండి. డాక్టరుగారిని "ఏ ఫిల్లింగ్ చవక?" అనే ముందు, "గట్టి ఎనామిల్ ఎంత మిగిలింది?" అనడగండి.