గుండెపోటుకు కార్డుంది, బీపీ గోలీకి?

2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో 108, 104 సర్వీసుల కొత్త వాహనాలు 1,088 బారులు తీరాయి. నాటి ముఖ్యమంత్రి జగన్ జెండా ఊపారు. కూతపెట్టుకుంటూ పోయే 108 అందరి కంట్లో పడుతుంది. ఊళ్లోకొచ్చి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి గోలీలిచ్చే 104 ఎవరికి గుర్తుంటుంది? మనిషి పడిపోయినంక పరుగెత్తే వైద్యానికి ఉన్న విలువ, పడిపోకుండా ఆపే వైద్యానికి లేదు.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, చావు జరిగిన ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి కారణాలు అడిగి రాశారు. మొత్తం 1,354 మరణాలు. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. అంటురోగాల వాటా 12 మాత్రమే. కాల్వ నీళ్లు, వరి చేలు, కౌలు బతుకులు, అదే తిండి: పక్కనున్న కృష్ణా డెల్టా దీనికి భిన్నమని అనుకోవడానికి కారణమేదీ లేదు. బీపీ అంటే ఏసీ గదుల్లో కూర్చునే షావుకార్ల జబ్బు అన్న మాటను ఇరవై ఏళ్ల కిందటే ఈ పల్లెలు అబద్ధం చేశాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ సగటు కంటే పైనే ఉన్నాయి. దీనికన్నా భయపెట్టే లెక్క 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. భారతదేశంలో 30 ఏళ్లు దాటిన బీపీ రోగులు దాదాపు 19 కోట్లు. ఆ సంగతి తెలిసినవాళ్లు నూటికి 37 మంది. అదుపులో ఉన్నది పదిహేను మందికే. మిగిలిన ఎనభై అయిదు మంది నెత్తిన కుంపటి పెట్టుకుని పొలానికీ, ఆఫీసుకూ, ఆటో స్టాండుకూ పోతున్నారు.

ఎందుకిట్లా? బీపీకి నొప్పి లేదు. జ్వరమొస్తే మంచం ఎక్కుతాం, 170 బీపీతో నాట్లేస్తాం. తలనొప్పి వస్తేనే బీపీ అనుకునేవాళ్లు కొందరు. గోలీ వేసుకుని కొలిస్తే 130 వచ్చిందని, తగ్గింది కదా అని మానేసేవాళ్లు మరికొందరు. (డెల్టాలో దాన్ని బిళ్ల అంటారు, మనం గోలీ అంటాం. ఏమన్నా గానీ, ఆపితే మళ్లీ పెరుగుతుంది.) ఇక ఉప్పు. మనిషికి రోజుకు అయిదు గ్రాములు మించొద్దంటారు. మనం తినేది దాదాపు రెట్టింపు. ఆవకాయ, ఊరమిరపకాయ, ఎండుచేప, వడియం, అప్పడం వరసపెట్టి వచ్చే విస్తరిలో ఉప్పు ఎంతో ఎవరు తూచారు? బీదవాడికి కూర కొనే డబ్బు లేనప్పుడు పచ్చడే కూర. అలాంటివాడికి ఉప్పు మానేయమని నీతి చెప్పే ముందు కూరగాయల ధర చూడాలి.

ఇంకో కారణం ఎవరూ మాట్లాడరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పగటిపూట ఓపీ. కూలికి పోయేవాడికీ అదే పని వేళ. ఉచిత గోలీ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. అంత కష్టపడి పోతే నెల గోలీలకు బదులు వారానికి సరిపడా చేతిలో పెడితే, రెండోసారి ఎందుకు వస్తాడు?

2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ ఆస్పత్రిలో చేరాక జరిగే వైద్యానికి కట్టిన పథకం. ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ వైద్యసేవ అయింది. పేరు మారిందే గానీ చూపు మారలేదు. స్టెంటుకు, బైపాసుకు కార్పొరేట్ ఆస్పత్రికి సర్కారు వేలకు వేలు కడుతుంది. ఆ స్టెంటు అవసరమే రాకుండా చాలామందిని కాపాడగల ఆమ్లోడిపిన్ గోలీ జనరిక్ దుకాణంలో రూపాయి కూడా చేయదు. గుండెపోటు వచ్చినవాడికి కార్డు ఉండాల్సిందే, కాదనం. కానీ రాకముందు వాడి మొహం ఎవరు చూశారు?

చేతకాని పనా అంటే కాదు. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదటి విడతలో తెలంగాణ, కేరళ, పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర ఉన్నాయి. అందరికీ ఒకే చికిత్స పద్ధతి, నెలకు సరిపడా గోలీలు, రోగికో కార్డు, రానివాడికి ఫోను. ఇంతే కిటుకు. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డిచ్చింది. ఆ మొదటి జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం నడుస్తున్న విజయవాడ, ఒకప్పుడు వరంగల్, హైదరాబాద్ పిల్లల డాక్టరు పట్టాలు కూడా తన చేతుల్లో పెట్టుకున్న విజయవాడ ఉన్న రాష్ట్రం మొదటి వరుసలో లేకపోవడం వింతే.

ఉద్యోగ సంఘాలు పీఆర్సీ కోసం, డీఏ కోసం కొట్లాడతాయి, కొట్లాడాలి. ప్రతి ఆఫీసులో ఒక బీపీ మిషన్ కూడా అడగాలి. వైద్య విద్యార్థులు సెలవులకు సొంత ఊరెళ్లినప్పుడు తమ వీధిలో ముప్పై దాటిన ప్రతి మనిషికీ పట్టీ చుట్టాలి. పాత కృష్ణా జిల్లా 2022లో ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల్లోకి పంచబడింది. ఆ మూడు చోట్లా కలెక్టర్లను అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఎంతమందికి కొలిచారని కాదు, గోలీలు మొదలుపెట్టిన వాళ్లలో ఈ నెల 140/90 లోపు ఎంతమంది ఉన్నారని. మండలాల వారీగా, గోడ మీద రాసి పెట్టమని.