కుండీలు దించేముందు కాస్త లెక్క చూడండి



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం అజెండాలో నాలుగో అంశం చూశాం. మిద్దె మీది కుండీలు తొలగించి, రేకుల షెడ్డు వేసి, శుభకార్యాలకు అద్దెకివ్వడం. ఒక్క వాక్యం. చర్చకి పది నిమిషాలట. ఆ కుండీలకి వంతుల వారీగా నీళ్ళు పోసే పద్నాలుగు మందిమి కలిసి ఇది రాస్తున్నాం. పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాం. పది నిమిషాల్లో మైకు మా దాకా రాదని అనుభవం మీద తెలుసు గనక ఇక్కడే చెప్పేస్తున్నాం.

మొదట మా తప్పు ఒప్పుకుంటాం. అక్టోబరు వానల్లో ఈశాన్యం మూల నీళ్ళు నిలిచాయి. రాలిన ఆకులూ, కుండీల్లోంచి కొట్టుకొచ్చిన కొబ్బరి పొట్టూ కలిసి తూముకి అడ్డం పడ్డాయి. చూసుకోవాల్సింది మేమే, చూసుకోలేదు. కింద గ్రంథాలయం గోడకి చెమ్మ దిగింది. దానికి మాట పడతాం. కానీ స్టేజీ పైనున్న మరక కూడా మా ఖాతాలోనే రాశారు. దానికి సరిగ్గా పైన ఒక్క కుండీ లేదు. ఉన్నది నీళ్ళ ట్యాంకు. అది నిండి పొంగుతోందని మేం మూడుసార్లు చెప్పాం. ట్యాంకు చేసిన పాపం టమాటా మొక్క ఎందుకు మోయాలి?

ఇక బరువు. "మిద్దె కూలితే ఎవరిది బాధ్యత" అని ఒక పెద్దాయన నిలదీశారు. మంచి ప్రశ్న, అందుకే లెక్క వేశాం. ఐ.ఎస్. 875 రెండో భాగం అని కట్టడాలు ఎంత బరువు మోయాలో చెప్పే ప్రమాణం ఒకటుంది. మనుషులు ఎక్కి తిరిగే చదును మిద్దెకి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు లెక్క. మావి 46 సంచులు. ఒక్కోటి ఇరవై లీటర్లది. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు వర్మీకంపోస్టు. తడిసి ముద్దయినా సంచి ఇరవై కిలోలకి అటూ ఇటూ. చదరపు మీటరులో మూడు పెట్టినా 60 కిలోలు దాటదు. మొత్తం కలిపితే 920 కిలోలు, అంటే పెళ్ళికొచ్చే పదిహేను మంది బరువు. మీరు వేద్దామంటున్నది నూట యాభై మంది కూర్చునే షెడ్డు. అదే ప్రమాణంలో, బిగించిన కుర్చీలు లేని సభాస్థలానికి చదరపు మీటరుకి దాదాపు 500 కిలోలు మోసేలా కట్టాలని ఉంది. కుండీలకి భయపడిన మిద్దె బంతి భోజనాలకి భయపడదా? మన భవనం పాతది. మా మాటా వద్దు, మీ మాటా వద్దు, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించి రెండింటికీ కలిపి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఆ కాగితం రాకుండా ఓటు పెట్టడం మాత్రం పద్ధతి కాదు.

నీళ్ళ సంగతి వేరు. అక్కడ మీ మాటలో నిజముంది. 2024 మార్చిలో బెంగళూరు ఎలా అల్లాడిందో మనందరం చూశాం. తోటలకీ కార్లు కడగడానికీ తాగునీళ్ళు వాడితే ఐదు వేలు జరిమానా అన్నారు. ఆ వేసవి మేం సగం సంచులు ఖాళీ చేసి బోర్లించాం, ఎవరూ చెప్పకముందే. కాత మీదున్న టమాటాకి ఎండాకాలంలో రోజుకి రెండు లీటర్లు కావాలి, అందులో దాపరికం లేదు. అన్ని సంచులూ నిండుగా ఉంటే రోజుకి తొంభై లీటర్లు. ఇప్పుడు చాలావరకు వంటగదిలో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళే పోస్తున్నాం. మీద ఎండుటాకులు కప్పితే తడి త్వరగా ఆరదని ఆలస్యంగానే అయినా నేర్చుకున్నాం. మరి షెడ్డులో ఒక్క ముహూర్తానికి చేతులు కడగడానికి, గిన్నెలు తోమడానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పించాలో, ఆ లెక్క ప్రతిపాదనలో ఎక్కడుంది?

అసలు కోపం తెప్పించిన మాట ఇంకోటి. "కుండీల్లో కూరగాయలు పండవని నాలుగేళ్ళ కిందటే తేలిపోయింది" అన్నారు. ఏం తేలింది? ఆ ఉగాదికి సంఘం తరఫున ఇంటికో కిట్టు పంచాం. ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలు మూడు, టమాటా, క్యాప్సికం, కీరదోస విత్తనాల పొట్లాలు మూడు. ఫోటోలు బాగా వచ్చాయి. రెండు నెలల్లో అన్నీ ఎండిపోయాయి. ఎండక ఏం చేస్తాయి? ఆరంగుళాల కుండీలో కీరదోస వేస్తే మధ్యాహ్నానికే ఆకులు వాలుస్తుంది, దాని వేళ్ళకి చోటేది? టమాటాకి కనీసం పన్నెండంగుళాల లోతు కావాలి. క్యాప్సికం మొలవడానికే పది రోజులు పడుతుంది, నాటాక మొదటి కాయకి రెండు నెలల పైమాటే. ఇవేవీ కిట్టు మీద రాయలేదు. జనం నెల చూసి, నీళ్ళు మానేశారు. పండనిది కుండీ వల్ల కాదు, కుండీ కొలత వల్ల. వాటిలో అంట్లు పెంచి పెద్ద సంచుల్లోకి మార్చుకోండని ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం ఇళ్ళలో కాయ చూసేవాళ్ళు.

మేమూ మొదటి ఏడు చావుదెబ్బ తిన్నవాళ్ళమే. తెల్లదోమ పట్టి టమాటా ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఆకుముడత వైరస్ వచ్చిన మొక్కకి మందు లేదు, పీకి పారేయడమే. అది తెలియక వేపనూనె కొట్టుకుంటూ కూర్చుని పక్క మొక్కలకీ అంటించాం. తర్వాత కాయల అడుగున నల్లమచ్చ. తెగులేమో అనుకున్నాం. తీరా చూస్తే ఒకరోజు కుండపోతగా పోసి రెండు రోజులు మరిచిపోవడం వల్ల కాయకి కాల్షియం అందక వచ్చేది. నీళ్ళకి వంతుల పట్టిక వేశాక ఆ మచ్చ దాదాపు పోయింది. ఊరి దగ్గరే హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ పెట్టుకుని, ఎక్కడివో రంగుల పొట్లాలు కొన్నాం. అర్క రక్షక్ అని ఆకుముడతని, వడలు తెగులుని, ఆకుమాడుని తట్టుకునే టమాటా అక్కడిదే. కాకపోతే అది హైబ్రిడ్, దాని గింజ దాచుకుని వేస్తే తల్లి పోలిక రాదు. గింజ దాచుకోవడానికి అర్క వికాస్ వేస్తున్నాం. పండు గుజ్జుని రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టిన గింజలు ఇప్పటికి మూడు పంటలు చూశాయి.

గింజల మాట వచ్చింది కాబట్టి క్యాప్సికం కథ కూడా చెప్పాలి. మన ఊళ్ళ వైపు దాన్ని బెంగళూరు మిరప అంటారు, బెంగళూరులోనేమో దొణ్ణె మెణసినకాయి. దాని పక్కనే కారం మిరప పెట్టాం. ఆ క్యాప్సికం గింజలే దాచి మరుసటేడు వేశాం. చూడ్డానికి అన్నీ గుండ్రంగా, అమాయకంగానే ఉన్నాయి. సంక్రాంతి బజ్జీలు తిన్నవాళ్ళకి ఆ తర్వాతేం జరిగిందో గుర్తుండే ఉంటుంది. రెండు మిరపలూ పూతలో కలిసిపోతాయని మాకు ఆ రోజు తెలిసింది. కోశాధికారి గారు మా మీద ఇంకా ఆ కోపంతోనే ఉన్నారేమోనని మా అనుమానం!

డబ్బు లెక్క కూడా దాచం. కిలో ఇరవై రూపాయలకి దొరికేదానికి ఇంత ఆర్భాటమా అంటే, నిజమే, లాభం లేదు. సంచికి రెండు మూడు కిలోలు వస్తే గొప్ప. మట్టి, ఎరువు, సంచి ఖర్చు మొదటి ఏడు తిరిగి రాదు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు "చూశారా మా మిద్దె" అని మేమూ గొప్పలు పోయాం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే ధర పడిపోయిన రోజున కోలారు మార్కెట్టు బయట బుట్టలకి బుట్టలు రోడ్డు పక్కన పారబోసి వెళ్ళేవాళ్ళు మనవాళ్ళే. ముళబాగిలు, శ్రీనివాసపుర వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో మన సభ్యులకి చుట్టాలు. ఇంట్లో పండించుకుని రైతు అవసరమే లేకుండా బతుకుతాం అనే యూట్యూబు మాటలు మా నోట రావు. నాలుగు మొక్కలు కాపాడటానికి ఇన్ని అవస్థలు పడ్డాక, మార్కెట్లో ఐదు రూపాయలకి బేరమాడటానికి నోరు రావడం లేదు, అంతే తేడా.

మరి లాభం లేనప్పుడు ఎందుకంటారా? ఆదివారం తెలుగు తరగతికి రండి. మూడేళ్ళుగా కింద హాల్లో చార్టు వేలాడదీసి అ నుంచి ఱ వరకు చెప్పిస్తున్నాం. పిల్లలు బడిలో కన్నడ, ఇంగ్లీషు, ఇంట్లో మూడూ కలిపిన భాష. వాళ్ళ తప్పు లేదు, మనమూ అంతే మాట్లాడతాం. ఒక వేసవిలో కరెంటు పోయి తరగతిని మిద్దె మీదికి మార్చాల్సి వచ్చింది. మొలక, మారాకు, తీగ, పూత, పిందె, తొడిమ, పాదు. ఇవి ఏ చార్టులోనూ లేవు. కీరదోసకి ముందు మగపూలు వస్తాయి, పిందె ఉండదు. తర్వాత వచ్చే ఆడపూవు వెనక వేలెడు పిందె ఉంటుంది. తేనెటీగలు అంతగా రాని మిద్దె మీద, మగపూవు తుంపి ఆడపూవుకి అద్దాలి. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి అద్దిన పిందె నిలబడి, పక్కది పచ్చబడి రాలిపోతే, "అవ్వా, పిందె రాలింది" అని కిందికి పరుగెత్తింది. ఆ రెండు మాటలూ ఆ పిల్ల నోట అంతకుముందు విన్నవాళ్ళు లేరు. పైన దోసపాదుకి పందిరి కట్టింది ఆ అవ్వే. కొడుకింటికొచ్చి ఆరేళ్ళైనా నాలుగో అంతస్తు దిగని మనిషి, ఊరి నుంచి పొట్లం కట్టించి తెచ్చిన పండు దోస గింజల కోసం దిగింది. మంగళూరు సౌతెకాయతో పప్పు చేస్తే దోసకాయ పప్పు అవదని ఆవిడ తీర్పు. ఆ మాట మీద మాలో వాదం ఇంకా నడుస్తోంది.

ఏటా వార్షికోత్సవానికి "మాతృభాషను కాపాడుకుందాం" అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ కడతాం. కాపాడుతున్న చోటుని అద్దెకిద్దాం అనడానికి మాత్రం ఒక్క వాక్యం చాలిందా?

సంఘానికి ఆదాయం కావాలి, కాదనం. కింద హాలు నెలలో చాలా రోజులు తాళమేసే ఉంటుంది, ముందు దాన్ని అద్దెకివ్వండి. మా వైపు నుంచి ఒప్పుకునేవి ఇవి: సంచులన్నీ నేల మీంచి ఎత్తి ఇనుప స్టాండుల మీద పెడతాం, కింద పళ్ళేలు వేస్తాం, తూముకి జాలీ బిగించి వారం వారం శుభ్రం చేస్తాం, గ్రంథాలయం గోడ సున్నం ఖర్చులో సగం మేం చందా వేసుకుంటాం. నీళ్ళకి విడిగా మీటరు పెట్టినా సరే. ఇంజినీరు వద్దంటే, ఆ రోజే సంచులు పంచుకుని మా ఇళ్ళ బాల్కనీలకి పట్టుకెళ్తాం, వాదించం. అప్పటిదాకా ఎవరూ చెయ్యి వేయకండి. ఇప్పుడు క్యాప్సికం పిందె మీదుంది. ఈ దశలో కుదిపితే అన్నీ రాలిపోతాయి.

సమావేశం పదిన్నరకి. వీలైనవాళ్ళు ఎనిమిదింటికే మిద్దె మీదికి రండి. ఈ వారం కీరదోసకి ఆడపూలు బాగా పడుతున్నాయి, ఎండెక్కకముందే అద్దడం అయిపోవాలి. చేతులు తక్కువగా ఉన్నాయి.