తాళాలు గుమ్మం దగ్గరే చేతులు మారాలి

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు పడగానే ఇల్లు చేతికొచ్చేసిందని చాలామంది అనుకుంటారు. దస్తావేజులోనూ 'ఈ రోజే ఖాళీగా స్వాధీనపరిచాం' అనే రాసి ఉంటుంది. అమ్మినవారి బీరువాలు, మంచాలు మాత్రం లోపలే ఉంటాయి. 'ఆషాఢం వెళ్లాక ఖాళీ చేస్తాంలెండి' అన్న నోటిమాటను నమ్మి జీవితకాలపు సంపాదన ధారపోయడం తగదు. కొన్నవారు అడిగినప్పుడు స్వాధీనం ఇవ్వాల్సిన బాధ్యత అమ్మినవారిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. నిజమే, కానీ ఆ హక్కు కోసం కోర్టు మెట్లెక్కితే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే సొమ్ము పూర్తిగా ముట్టిన రోజే, ఆ ఇంటి గుమ్మంలోనే తాళాలు తీసుకోవాలి. గదులన్నీ తిరిగి చూసుకోవాలి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకుని, ఇంటి పన్ను, నీటి బిల్లు రసీదులు అడగాలి. వీధి తలుపు తాళంచెవి ఒక్కటే సరిపోదు. పెరటి తలుపుదీ, మేడమీది గదిదీ, పక్కింట్లో దాచిపెట్టిన రెండో చెవీ మొహమాటపడకుండా అడిగి తీసుకోవాలి. ఎన్నో ఏళ్లు కాపురమున్న ఇల్లు వదలడం పెద్దవాళ్లకు కష్టమే, వారికి గడువు ఇవ్వాల్సిందే. అయితే ఆ గడువు తీరాకే రిజిస్ట్రేషన్ పెట్టుకోండి.